అమ్మ బల్ల దగ్గర కూర్చున్న శుక్రవారం

సాపరువా,
1984 మార్చి 4, ఆదివారం.

తమ్ముడు మార్తెన్‌కు,

అక్క యకోమినా రాసేది. "ఇక్కడ మేమంతా క్షేమం" అని మొదలుపెడదామని కలం ఎత్తాను గానీ అది అబద్ధం అవుతుంది. అమ్మకు జనవరి నుంచి దగ్గు తగ్గలేదు. కళ్లలో పొరలు బాగా ముదిరాయి, చేతిలో కాగితం ఉందని తెలుస్తుంది గానీ అక్షరం కనపడదు. వానలు ముందే మొదలై ఎండబెట్టిన జాజికాయలన్నీ లోపలికి చేర్చాను. మీ బావ ఒబెద్ గుడి కప్పు మీద రేకులు బిగిస్తూ వేలు నలగ్గొట్టుకున్నాడు. గుడి చూసుకునే మనిషి కదా, ఆ వేలు దేవుడి పనిలో పోయిందని ఇంట్లో చెంచా కూడా ఎత్తడం మానేశాడు.

అసలు సంగతికి వస్తాను. వచ్చే నెల ఇరవయ్యో తారీకు గుడ్ ఫ్రైడే, ప్రభువు రొట్టె తినే బల్ల రోజు. ఆ వారం సంఘ పెద్ద ఎలియాజర్ ఇంటింటికీ వస్తాడు, "ఈ ఇంట్లో ఎవరికైనా ఎవరితోనైనా పడట్లేదా?" అని అడుగుతాడు. మూడేళ్లుగా అమ్మది ఒకటే జవాబు: "నాకు నా కొడుకుతో పడట్లేదయ్యా. నన్ను పక్కన పెట్టండి." నల్ల జాకెట్టు ఇస్త్రీ చేయించుకుని అందరిలాగే గుడికి వస్తుంది, వాక్యం వింటుంది, తెల్లగుడ్డ పరిచిన బల్ల చుట్టూ జనం చేరేసరికి లేచి వెళ్లి బయట మెట్ల మీద కూర్చుంటుంది. మనసులో తగువు పెట్టుకుని ఆ రొట్టె తింటే తీర్పు తిన్నట్టేనని చిన్నప్పుడు మనకు నేర్పింది ఆవిడే. ఆ గుడ్డ ఉతికి పరిచేదాన్ని నేను. పరిచిన ప్రతిసారీ ఆ మెట్ల వైపు చూడలేక చస్తున్నాను. మొన్న దగ్గి దగ్గి, "నేను పోయేలోగా ఒక్కసారి కూర్చుంటానంటావా?" అంది.

"ఆ జపమాల తిప్పే కేథలిక్ పిల్లని చేసుకుంటే నా పక్కన బల్ల దగ్గర కూర్చోకు" అని అమ్మ రేవులో నలుగురి ముందూ అనడం తప్పే, కాదనను. కానీ "నీ బల్ల నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు" అని నువ్వనడం? అన్నది అమ్మనా, ప్రభువునా?

ఒక్క వాక్యం రాయి, "అమ్మా, క్షమించు" అని. బల్లకు ముందురోజు సాయంత్రం పడగ్గదిలో తెల్ల పళ్లెం చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకరినొకరు క్షమాపణ అడుగుతాం కదా, అప్పుడు చదువుతాను. దూరాన ఉన్నవాళ్ల ఉత్తరం అక్కడ చదివితే మనిషే వచ్చి అడిగినట్టని తాత కాలం నుంచీ మన ఇంట్లో లెక్క.

నీ మీద అరిచే హక్కు ఇంకా వదులుకోని
యకోమినా


తూవల్, కేయ్ దీవులు,
మార్చి 27.

అక్కకు వందనాలు.

బావ వేలుకు కూడా విడిగా వందనాలు చెప్పు. నేను బాగానే ఉన్నాను. రేవులో షెడ్డు పెద్దది చేశాం. ఈ వారం రెండు పడవ ఇంజన్లు విప్పాను, ఒకదాంట్లో ఎలుక కాపురం పెట్టింది, పిల్లలతో సహా. మా పాప యూలీకి మాటలు వచ్చాయి. తెల్లజుట్టు ఎవరికి కనపడినా "నానమ్మా!" అని పరిగెడుతుంది. మొన్న చేపలమ్మే ముసలాయన్ని కూడా అలాగే పిలిచింది, ఆయన బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

నువ్వు అడిగిన వాక్యం రాయను. కోప్పడకు, విను. పెళ్లికి ముందు రెన్సీ మన ఇంటికొచ్చిన రోజు గుర్తుందా? అమ్మ పాపెడా గంజి వడ్డించి, "మీవాళ్లు బొమ్మలకు మొక్కితే గానీ ముద్ద ముట్టరట కదా, మొక్కుకో అమ్మా, ఆగుతాం" అంది. రెన్సీ ఆ గంజి తల వంచుకుని తాగింది. తిరుగు పడవలో మొత్తం కక్కింది. దానికి క్షమాపణ ఎవరు అడిగారు? నేను అన్నది తప్పే, ఆ తప్పు నాకు తెలుసు, రోజూ తెలుస్తూనే ఉంది. కానీ ముందు అడగాల్సింది నేను కాదు.

ఇక్కడ నా సంగతి చెప్తాను, నువ్వు ఎప్పుడూ అడగవు. ఆదివారం రెన్సీతో వాళ్ల గుడికి వెళ్తాను. పూజలో అందరూ సత్ప్రసాదానికి, అంటే వాళ్ల బల్ల రొట్టెకు, వరస కడతారు. నేను బెంచీ మీద మోకాళ్లు పక్కకు తిప్పి వాళ్లకు దారిస్తాను. "నువ్వు మా సంఘం వాడివి కాదు బాబూ, రాకూడదు" అని ఫాదరు మర్యాదగానే చెప్పాడు. రెన్సీ తిని వచ్చి పక్కన మోకరిస్తుంది, నా మొహం వైపు చూడదు. అక్కడ అమ్మ మెట్ల మీద, ఇక్కడ నేను బెంచీ మీద. ఇద్దరిదీ ఒకే మొండితనం, ఎక్కడి నుంచి వచ్చిందంటావు?

అమ్మకు దగ్గు మందు పంపుతున్నాను. నేను పంపానని చెప్పకపోయినా పర్వాలేదు.

మార్తెన్


సాపరువా,
ఏప్రిల్ 23, ఈస్టరు మర్నాడు.

మార్తెన్,

అమ్మ బల్ల దగ్గర కూర్చుంది!

ఎలియాజర్ పెద్ద వచ్చి అడిగితే, "నా కొడుకు అడిగాడయ్యా, నేను ఇచ్చాను" అని చెప్పింది. శుక్రవారం నల్ల జాకెట్టు వేసుకుని, తెల్ల తుండు భుజాన వేసుకుని, నా చేయి పట్టుకుని నడిచింది. పాస్టరు గారు బల్లకు పిలిచినప్పుడు అలవాటు చొప్పున మెట్ల వైపు తిరగబోయి ఆగింది. పాట మధ్యలో అందరూ వెనక్కి తిరిగి చూశారు. రొట్టె పళ్లెం చేతులు మారుతూ వచ్చేసరికి అమ్మ తడుముకుంటూ ఒక ముక్క తీసుకుని చాలాసేపు నమిలింది. మూడేళ్ల ఆకలి అది. బయటికొచ్చాక, "రొట్టె ఎవరు చేశారే, ఉప్పు తక్కువైంది" అని నన్ను తిట్టింది కూడా. ఆ తిట్టు వింటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

నాకు మాత్రం రొట్టె గొంతుకు అడ్డం పడింది. మరీ ఎండిపోయింది కాబోలు.

ఎలా ఒప్పుకుందని అడగకు. కింద రెండు మాటలు అమ్మవి, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"ఒరేయ్ మార్తెన్, నువ్వడిగావు, నేను క్షమించాను. నా గుండె మీద బండ దించావు. అమ్మ."

ఒబెద్ గంట కొట్టే వేళయింది. ఉంటాను.

యకోమినా


తూవల్,
మే 9.

అక్కా,

నేనేం అడిగాను?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అడగనిదానికి క్షమించానని చెప్పడం వెక్కిరింత కాకపోతే ఏమిటి? "నువ్వు అడగవని తెలుసు, అయినా నేనే పెద్దదాన్ని" అని ఊరందరి ముందూ చాటడం. అమ్మకు ఆ విద్య బాగా వచ్చు. చిన్నప్పుడు నా కోసం దాచిన చేప ముక్క తెచ్చి, "తినరా, నేను పస్తున్నా పర్వాలేదు" అనేది, గుర్తుందా? ముక్క గొంతులో దిగేది కాదు. ఇదీ అదే చేప. లేదంటే ఆవిడకు మతి తప్పుతోందా? అదైతే దాచకుండా చెప్పు.

ఇంట్లో నా పరిస్థితి ఇంకా చిత్రంగా ఉంది. అమ్మ మాటలు రెన్సీకి చదివి వినిపించాను, కోపంగానే. ఆమె ఏడ్చింది. "మీరు నాకు తెలియకుండా క్షమాపణ రాశారా? నా కోసమే కదా?" అని నా చేయి పట్టుకుంది. నేను కాదని చెప్పలేదు అక్కా. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. మూడేళ్లలో ఆమె నన్ను అలా చూడడం అదే మొదలు. ఆ మర్నాడే నాకు చెప్పకుండా మీ వైపు వచ్చే పడవ సరంగుతో కబురు పంపింది, "అత్తయ్య రావాలి, మనవరాలిని చూడాలి" అని. ఈ ఉత్తరం కంటే ఆ సరంగు ముందే చేరతాడు. అమ్మను ఆపు. ఏం జరిగిందో నాకు తిన్నగా రాయి.

మార్తెన్


సాపరువా,
మే 27, ఆదివారం.

తమ్ముడు మార్తెన్‌కి,

అమ్మకు మతి తప్పలేదు. వెక్కిరించనూ లేదు. తప్పు చేసింది నేను.

ఆ గురువారం సాయంత్రం తెల్ల పళ్లెం చుట్టూ కూర్చున్నాం. నీ ఉత్తరం విప్పి చదివాను. రెన్సీ గంజి సంగతి, నీ మొండి మాటలు వదిలేశాను. ఎలుక కాపురం చదివాను, యూలీ "నానమ్మా" అని పరిగెత్తడం చదివాను. అమ్మ నవ్వింది. తర్వాత, "అంతేనా?" అంది. ఆ "అంతేనా" నువ్వు వినలేదు కాబట్టి నన్ను తిట్టగలవు. నేను కాగితం వెనక్కి తిప్పాను. అటువైపు ఖాళీ. ఆ ఖాళీ వైపు చూస్తూ చదివాను: "అమ్మా, రేవులో నేనన్న మాటకు నన్ను క్షమించు. బల్ల దగ్గర నీ పక్కన కూర్చోవాలని ఉంది." అమ్మ కాగితం అడిగి తీసుకుని, ఆ ఖాళీ వైపే అరచేత్తో నిమిరింది. తన కీర్తనల పుస్తకంలో పెట్టుకుంది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఒబెద్ నా పక్కనే కూర్చున్నాడు, కాగితం ఖాళీ అని చూశాడు. అప్పటి నుంచి "ఉప్పు అందుకో", "గొడుగేది" తప్ప నాతో మాట లేదు. మర్నాడు నేను గుడ్డ పరిచాను, అమ్మను కూర్చోబెట్టాను, పక్కన నేనూ కూర్చున్నాను. మంచి పనే చేశానని నన్ను నేను ఒప్పించుకున్నాను. రొట్టె నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. నేను తిన్నది నా నెత్తినే పడనీ, నాకు పర్వాలేదు. కానీ అమ్మ మూడేళ్లు మెట్ల మీద కూర్చుని కాపాడుకున్నదాన్ని నేను ఒక్క సాయంత్రంలో పాడు చేశాను. అబద్ధం తినిపించి ప్రభువు ముందు కూర్చోబెట్టాను. దగ్గు ఇంకా తగ్గలేదు. రోజూ పొద్దున్నే ఆ దగ్గు వినగానే, ఇది నా అబద్ధానికి తీర్పేమోనని భయపడుతున్నాను.

ఆపమన్నావు. సరంగు కబురు చెప్పిన రోజే అమ్మ మూట కట్టడం మొదలుపెట్టింది. కళ్లు కనపడవు, ఓడలో ఎలా వెళ్తావంటే, "ఓడకు కనపడితే చాలు" అంది. నల్ల జాకెట్టు కూడా పెట్టుకుంటుంటే, "అక్కడ మన గుడి కాదు కదమ్మా, అదెందుకు?" అన్నాను. "నీకెందుకే" అంది. తను అంత సంతోషంగా లేదు మార్తెన్, నాకు అదే అర్థం కావడం లేదు. కొడుకు క్షమాపణ అడిగిన తల్లి మొహం కాదు అది. కనిపెట్టేసిందేమోనని భయంగా ఉంది.

ముందే చేరే పడవ లేదు, అందుకే ఈ ఉత్తరం అమ్మ సంచిలోనే వస్తోంది, అంటించి ఇస్తున్నాను. నువ్వు ఒక్కడివే చదువు. ఆవిడ నోరు తెరిచేలోగా, రేవులోనే, నిజంగా అడుగు. నువ్వు అడిగేస్తే నా అబద్ధం కాస్త ఆలస్యంగా నిజమవుతుంది. ఇంత చేసి నిన్నే బతిమాలుతున్నాను, సిగ్గులేనిదాన్ని.

అక్క


తూవల్,
జూన్ 14.

అక్కకు,

అమ్మ క్షేమంగా దిగింది. రేవులో అడగమన్నావు, అడిగే సందు ఎక్కడిచ్చింది? దిగుతూనే, "సంచి పట్టుకోరా, లవంగాలు తడుస్తాయి. చిక్కిపోయావేం? ఇంజన్లు తింటున్నావా?" అంది. యూలీ "నానమ్మా" అంటూ వచ్చి కాళ్లు చుట్టేసింది. ఈసారి మనిషి సరిగ్గానే దొరికింది దానికి.

సాయంత్రం రెన్సీ చేపలు కాల్చి, కర్రపెండలంతో చేసే ఎంబాల్ రొట్టెలు పెట్టింది. తినడం అయ్యాక అమ్మ సంచిలోంచి నీ ఉత్తరం తీసి నా చేతికిచ్చి, "మీ అక్క రాసింది. పైకి చదువు, అందరం విందాం" అంది.

"తమ్ముడు మార్తెన్‌కి" వరకూ పైకి చదివాను. తర్వాత కళ్లు ముందుకు పరిగెత్తాయి, నోరు ఆగిపోయింది. నేనూ కాగితం వెనక్కి తిప్పాను అక్కా, నీకంటే నేను గొప్పవాణ్ణేం కాదు. కానీ నువ్వు రెండు వైపులా రాశావు.

"ఏమైందిరా, మీ అక్క పోయిందా? మొహం అలా పెట్టావని గొంతే చెప్తోంది" అంది అమ్మ.

"అమ్మా, క్షమాపణ నేను రాయలేదు. అక్క కల్పించి చదివింది."

అమ్మ కీర్తనల పుస్తకం తీసి, అందులోంచి నా పాత ఉత్తరం తీసి రెన్సీ వైపు చాపింది. "ఈ వెనక వైపు ఏముందో చూడమ్మా."

రెన్సీ చూసి, "ఏమీ లేదత్తయ్యా" అంది. పాపం, ఆ మాట అంటూ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె దగ్గర నేను దాచింది కూడా ఆ ఖాళీ కాగితంతోనే బయటపడింది. ఆ చూపు ఇంకా పోలేదు, పోయేదాకా భరిస్తాను.

అమ్మ కాగితం మళ్లీ మడిచింది. "సరే, అది మీ అక్క పాపం. ఇక నాది వినండి" అంది. "ఎలియాజర్ పెద్ద వచ్చి, అందరితో సమాధానమేనా అమ్మా అనడిగితే తలూపాను. నా కొడుకుతో అయింది. ఈ పిల్లతో కాలేదు. దీని పేరెత్తితే నాకింకా మంటే. ఆశకొద్దీ ఆ మంటతోనే తిన్నాను. పెద్దాయన్ని మోసం చేశాను, ఆయన వెనకున్నవాణ్ణి చేయలేను కదా. అప్పట్నుంచీ ఆ ముక్క ఇక్కడే ఉంది, దిగట్లేదు." గొంతు కింద వేలుతో చూపించింది.

ఆవిడ వచ్చింది నా కోసం కాదక్కా. మనమిద్దరం ఆవిడ రొట్టెను పాడు చేశామని కుళ్లిపోతుంటే, ఆవిడ తన తప్పు తానే మూట కట్టుకుని సముద్రం దాటింది.

మర్నాడు పొద్దున్నే నల్ల జాకెట్టు వేసుకుని వంటింట్లోకి వెళ్లి రెన్సీని అడిగింది. "మొక్కుకోమని వెటకారం చేశాను, నోటి దురుసుతో. క్షమించమ్మా." రెన్సీ పెరట్లోకి వెళ్లింది. చాలాసేపటికి కళ్లు ఉబ్బి వచ్చి, పొయ్యి మీది ఎంబాల్ మొదటిది తీసి అమ్మ పళ్లెంలో పెట్టింది. "వేడిగా ఉంది, మెల్లిగా" అంది. క్షమించానన్న మాట కోసం అమ్మ కూడా అడగలేదు, రొట్టె తుంచుకుంది. ఆ తర్వాత నేను అడిగాను అమ్మను. నీ మాటలతో కాదు, నావే. ఏమన్నానో రాయను.

ఆదివారం పూజకు మాతో వచ్చింది. వరస కదిలినప్పుడు నా పక్కన తనూ మోకాళ్లు తిప్పి దారిచ్చింది. "వీళ్లు మనల్ని పిలవరా?" అంది గుసగుసగా. పిలవరన్నాను. "మరి మన పాస్టరు రెన్సీని పిలుస్తాడా?" పిలిచినా ఇక్కడి ఫాదరు వెళ్లనివ్వడన్నాను. "ఒక ఇంట్లో మనుషులకు ఏం తిప్పలురా ఇవి" అంది. తర్వాత రెన్సీ తిరిగొచ్చి మోకరిస్తే, తడిమి ఆమె భుజం మీద చేయి వేసింది.

నీ సంగతి అడిగాను. క్షమించావని రాయనా అంటే గయ్యిమంది. "ఉత్తరంలో నేనెవర్నీ క్షమించను. ఆ ఉత్తరం ఎవరు చదువుతారో, ఏం చదువుతారో ఎవడు చూడొచ్చాడు? దాన్ని నా ఎదురుగా నిలబడమను." వచ్చే ఓడకు ఎక్కిస్తున్నాను. నిలబడడానికి సిద్ధంగా ఉండు.

నీ తమ్ముడు
మార్తెన్


సాపరువా,
జూలై 8, ఆదివారం.

మార్తెన్,

నిలబడ్డాను. రేవులోనే అడగబోతే, "ఇంటికి పద, ఇది మాటల సంత కాదు" అంది. తెల్ల పళ్లెం ముందు కూర్చుని అడిగాను. చదివింది చదివినట్టు అంతా చెప్పాను. అంతా విని, "క్షమించాను" అంది. ఒక్క మాటే. బయట వసారాలోంచి ఒబెద్, "ఇవాళ కూరేంటి?" అని కేకేశాడు. రెండు నెలల తర్వాత నా మొగుడు నాతో మాట్లాడిన మొదటి ముచ్చట అది.

మొన్న ఒకటో తారీకు బల్ల. ఎలియాజర్ పెద్ద వచ్చినప్పుడు అమ్మ తను తలూపిన సంగతి, నేను చదివిన సంగతి, రెండూ చెప్పేసింది. ఆయన తల గోక్కుని, మాతో పాటు ప్రార్థన చేసి, "రండి ఇద్దరూ" అన్నాడు. అమ్మ పక్కనే కూర్చున్నాను. పళ్లెం అమ్మ చేతికి వచ్చింది, తను తీసుకుని నా వైపు జరిపింది. నేను పట్టుకున్నాక కూడా వదల్లేదు. "ఇంకేమైనా ఉందా?" అంది, నాకు మాత్రమే వినపడేలా. "లేదమ్మా" అన్నాను. అప్పుడు వదిలింది. అవతల వాళ్లు పళ్లెం కోసం చేయి చాపుకుని చూస్తున్నారు. దగ్గు కాస్త నెమ్మదించింది. రెండు రోజులుగా వానలు తెరిపిచ్చాయి కదా, అందుకేనేమో.

అంతా సరిపోయిందనుకున్నాను. గురువారం నీ ఉత్తరం వచ్చింది, అమ్మ పేరు మీద. ఎప్పటిలాగే పీట వేసుకుని అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని కవరు చించబోయాను. అమ్మ చేయి చాపి అడిగి తీసుకుంది. జాకెట్టులో పెట్టుకుని, చేతికర్ర తీసుకుని, ఎలియాజర్ పెద్ద భార్య దగ్గరికి బయల్దేరింది.

"అమ్మా, ఇంకా కోపమేనా?" అన్నాను.

"కోపం లేదే. క్షమించాను, పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాను కూడా" అంది. "క్షమించడం వేరు, చదివించుకోవడం వేరు."

గంట తర్వాత వచ్చింది, మొహం వెలిగిపోతోంది. తమ్ముడు ఏం రాశాడమ్మా అని అడిగాను. "బాగానే ఉన్నాడట" అంది. అంతే. నేనడిగే కొద్దీ, "బాగున్నాడు, అందరూ బాగున్నారు" అంటుంది. ఉత్తరం కీర్తనల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం నా చేతికి అందే చోటే ఉంది, నేను ముట్టను. ఆవిడ చెప్పింది నమ్మడం తప్ప నాకు దారి లేదు.

రెన్సీ ఆ చూపు మార్చుకుందా? యూలీ ఎలా ఉంది? ఏం రాశావురా అమ్మకు? నాకూ ఒక్క ముక్క చెప్పు.

అక్క